ఆయుధ పూజలో నా ప్లాస్టిక్ పిస్టల్

ఆ రోజుల్లో నాకు తెలివి తప్ప అన్నీ ఉండేవి. ఇరవై రెండేళ్ళ వయసు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ముందు గదిలో ఉద్యోగం, మెడలో నా ఫొటో ఉన్న కార్డు, ఎవరేం చెప్పినా నాకు తెలుసులే అనే ధీమా. (పదేళ్ళు కూడా నిండని సంగతికి "ఆ రోజుల్లో" ఏమిటని నవ్వకండి. అప్పటి నేనూ ఇప్పటి నేనూ ఎదురుపడితే ఒకరినొకరు గుర్తుపట్టం.) ఇప్పుడు ఆదివారాలు తుర్కయంజాల్ దాటాక ఉన్న ఒక ఎయిర్‌సాఫ్ట్ మైదానంలో కొత్త పిల్లలకు ఆట నేర్పుతుంటాను. వాళ్ళు వచ్చీ రాగానే ఏ గన్ కొనాలక్కా అని అడుగుతారు. ఇంట్లో చెప్పావా అని నేను అడుగుతాను. వెంటనే మొహం ముడుచుకుంటారు. పెద్ద ఆటగత్తె అన్నారు, ఈవిడేంటి మా అమ్మలా మాట్లాడుతోంది అన్నట్టు చూస్తారు. ఆ ప్రశ్న నేనెంత కష్టపడి నేర్చుకున్నానో వాళ్ళకు తెలియదు. మీకు చెబుతాను.

ముందు ఎయిర్‌సాఫ్ట్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం ఒక మాట. చూడటానికి అచ్చం తుపాకీలా ఉంటుంది, లోపలి స్ప్రింగు బలంతో బఠానీ గింజంత ప్లాస్టిక్ గుండును విసురుతుంది, అంతే. రెండు జట్లు చాటున దాక్కుని ఒకరినొకరు కొట్టుకుంటారు. గుండు తగిలినవాళ్ళు తామే చెయ్యెత్తి బయటికి వచ్చేయాలి. మా సెంటర్ వాళ్ళు ఒక ఆదివారం మమ్మల్నందర్నీ ఆడించడానికి తీసుకెళ్ళారు. వారమంతా ఫోన్లో పిల్లల తల్లిదండ్రుల చేత తిట్లు తినే నేను, ఆ రోజు ఫిజిక్స్ సార్‌ను ఒక్క గుండుతో ఆటలోంచి బయటికి పంపాను. ఇక నాకు ఒళ్ళు తెలియలేదు. సొంత గన్ ఉండి తీరాల్సిందే అనుకున్నాను.

దుకాణం ఆయన పాపం మంచి మనిషి. ముందు గుండు తగలకుండా కళ్ళను కాచే కళ్ళద్దాలు కొనుక్కోమ్మా, గన్ మైదానంలో అద్దెకిస్తారు, నాలుగుసార్లు ఆడి నచ్చితే అప్పుడు కొందువుగాని అన్నాడు. కళ్ళద్దాలు తర్వాత చూద్దాంలెండి అన్నాను. తేలికైనది, నీ చేతికి పట్టు కుదిరేది తీసుకో అన్నాడు. అద్దాల బీరువాలో అన్నిటికంటే నల్లగా, బరువుగా ఉన్నదాన్ని వేలితో చూపించాను. (చీర కొన్నప్పుడు కూడా నేనింత తొందరగా ఎప్పుడూ తేల్చలేదు.) బిల్లు దాచుకో, మీ దగ్గర దీనికి నియమాలేమున్నాయో కనుక్కో, రోడ్డు మీద సంచీలోంచి బయటికి తీయకు, మెట్రోలోకి తీసుకెళ్ళకు, ముఖ్యంగా గొట్టం చివర ఉన్న ఈ నారింజ రంగు జోలికి వెళ్ళకు, నలుగురికీ ఇది ఆటవస్తువని తెలిసేది దానితోనే అని ఓపిగ్గా చెప్పాడు. అన్నిటికీ బుద్ధిగా తలూపాను. ఇంటికెళ్ళి చేసిన మొదటి పని, ఆ నారింజ రంగు మీద నల్ల నెయిల్ పాలిష్ రెండు పూతలు వేయడం.

రెండో పని ఇంకా ఘనమైనది. అమ్మ కూరగాయలకు వెళ్ళిన సమయం చూసి, వంటింటి గోడకు స్టీలు తాంబాళం ఆనించి, మధ్యలో బొట్టుబిళ్ళ అంటించి గురిపెట్టి కొట్టాను. గుండు వెళ్ళినంత వేగంగా వెనక్కి వచ్చి నా కనుబొమ్మ కింద తగిలింది. కంటికీ దానికీ మధ్య గోరంత దూరం. నేల మీద కూలబడి, ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి, రెండూ పనిచేస్తున్నాయా లేదా అని ఎన్నిసార్లు చూసుకున్నానో లెక్కలేదు. వాచిన మొహం చూసి అమ్మ అడిగితే బాత్రూం తలుపు తగిలిందన్నాను. కళ్ళద్దాలు కొనేదాకా దాన్ని ముట్టుకోనని ఒట్టేసుకుని, చున్నీలో చుట్టి బీరువాలో పెట్టేశాను.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. మాది నల్లగొండ దగ్గర పల్లె. నాయిన సరుకులు మోసే డీసీఎం వ్యాను నడిపేవాడు. ఎల్బీనగర్‌లో ఒక కాలనీలో కింది వాటాలో కిరాయికి ఉండేవాళ్ళం. వ్యాను నిలుపుకోవడానికి చోటు, రోజూ నల్లా నీళ్ళు, చీటికీమాటికీ నసపెట్టని ఓనర్లు, ఈ మూడూ ఒక్కచోట దొరకడానికి అమ్మ ఆరేళ్ళలో ఐదిళ్ళు మారింది. ప్రతిసారీ మంచాలు విప్పడం, గిన్నెలు మూటలు కట్టడం, కొత్త గోడలకు మేకులు కొట్టొద్దని చెప్పించుకోవడం. ఈ ఇంట్లో దిగిన రోజు అమ్మ అరుగు మీద కూర్చుని, ఇగ నన్ను ఈడికెల్లి ఎవ్వరు కదిలియ్యలేరు అంది. పై అంతస్తులో ఓనర్లు ఉండేవారు. తెనాలి వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. అంకుల్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆంటీకి ఆ ఇల్లే ప్రాణం. గేటు చప్పుడైతే చాలు, బాల్కనీలోకి వచ్చి చూసేవారు.

ఆ దసరా పొద్దున నాయిన వ్యాను కడిగి, బంతిపూల దండ వేసి, ముందు పీట మీద జాకీ, పానాలు, టైర్లు విప్పే రాడ్డు వరసగా పేర్చాడు. అమ్మ కుట్టుమిషన్, మిక్సీ, కత్తిపీట తెచ్చి పెట్టింది. మా ఇంట్లో ఆయుధ పూజ అంటే ఎవరి బతుకుతెరువు పనిముట్టు వాళ్ళు తెచ్చిపెట్టాలి. నువ్వు కూడా ఏమన్న తే బిడ్డా అన్నాడు నాయిన. నా పనిముట్టు నిజానికి సెంటర్‌లోని టెలిఫోను. అది తేలేను కదా. లోపలికెళ్ళి చున్నీ విప్పి పిస్టల్ తెచ్చాను. ఇది ప్లాస్టిక్‌ది, ఆట కోసం కొన్నానని అప్పుడు చెప్పాను. నాయిన అటూ ఇటూ తిప్పి చూసి, మంచిగున్నది అని జాకీ పక్కన పెట్టాడు. అమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, మీద ఒక బంతిపువ్వు ఉంచింది. నేను గర్వంగా ఫొటో తీస్తుండగా బాల్కనీలోంచి ఆంటీ కిందికి చూశారు. ఆవిడకు కనిపించింది ఏమిటో మీరే ఊహించుకోండి. నల్లటి పిస్టల్, దానికి బొట్టు, దాని ముందు కొబ్బరికాయ.

రెండు నిమిషాల్లో ఆంటీ, ఆవిడ వెనక అంకుల్ కిందికి వచ్చేశారు. తుపాకులు పెట్టుకునేవాళ్ళు మాకొద్దు, ఇల్లు ఖాళీ చేయండి అన్నారు ఆంటీ. అది బొమ్మ ఆంటీ అని నేను మొదలుపెట్టాను. ఆంటీ నన్ను పూర్తి చేయనివ్వలేదు.

"బొమ్మైతే పూజెందుకు చేస్తారమ్మా? మా మనవడికి గది నిండా బొమ్మలున్నాయి. ఒక్కదానికైనా బొట్టు పెట్టామా మేము?"

పరిగెత్తుకెళ్ళి పాలిష్ తుడిచే సీసా, దూది తెచ్చి గొట్టం చివర రుద్దాను. నారింజ రంగు బయటపడింది. చూడండాంటీ, బొమ్మని తెలియడానికే ఈ రంగు అన్నాను విజయగర్వంతో. అంటే ఇన్నాళ్ళూ రంగేసి దాచావన్నమాట అన్నారావిడ. (అవును, దాచాను. నా తెలివితో నన్ను నేనే పట్టిచ్చుకున్నాను.) అప్పుడు అమ్మ ముందుకొచ్చి, అక్కా, మిక్సీకి బొట్టు పెట్టిన, కత్తిపీటకు బొట్టు పెట్టిన, వాటికి భయపడనోళ్ళు ప్లాస్టిక్ దానికి భయపడ్తరా అని అడిగింది. అంకుల్ మీసాల చాటున నవ్వుకున్నారు. లెక్కల మాస్టారు కదా, వాదనలతో పనిలేదన్నారు. అదిగో ఆ ప్రహరీ గోడ మీద కాల్చమ్మా, నిజమైందో బొమ్మో ఇప్పుడే తేలిపోతుంది అన్నారు.

అంతకంటే తేలికైన దారి ఇంకోటి లేదు. ఒక్కసారి మీట నొక్కితే చాలు, మా ఇల్లు మాకు ఉంటుంది. పిస్టల్ చేతిలోకి తీసుకున్నాను. గోడ నాలుగడుగుల దూరంలో ఉంది. చుట్టూ అమ్మ, నాయిన, ఆంటీ, అంకుల్, ఒక్కరి కళ్ళకూ అడ్డం లేదు. నా చెయ్యి దానంతటదే కనుబొమ్మ దగ్గరికి పోయింది. పిస్టల్ మళ్ళీ పీట మీద పెట్టేశాను.

"నేను కొట్టనంకుల్. కళ్ళద్దాలు లేవు. గోడకు తగిలి గుండు మళ్ళ మన మీదికే వస్తది. నాకొకసారి తగిలింది."

చూశారా, నిజమైంది కాబట్టే కాల్చనంటోంది అన్నారు ఆంటీ. నాయినకు కోపం వచ్చింది. కొట్టరాదు బిడ్డా, ఒక్కసారి కొడితె అయిపాయె గద అన్నాడు. నాయిన మాటకు ఎదురు చెప్పడం నాకు అదే మొదటిసారి. కొట్టను నాయినా అన్నాను, ఏడుపు ఆపుకుంటూ. నెలాఖరుకల్లా ఖాళీ చేయాల్సిందేనని చెప్పి ఆంటీ పైకి వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికల్లా గేటుకు టు-లెట్ బోర్డు వేలాడింది. అమ్మ ఆ రోజు దసరా మటన్ గిన్నె మూత కూడా తీయలేదు. అటక మీది పాత అట్టపెట్టెలు దించి, ఇల్లు మారినప్పుడు పనికొచ్చేవి ఏవో, రానివి ఏవో చూసుకుంటూ కూర్చుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నా వల్ల అమ్మకు ఆరో ఇల్లు వెతుక్కునే గతి పట్టింది.

మర్నాడు దుకాణం తెరవకముందే వెళ్ళి నిలబడ్డాను. నెయిల్ పాలిష్ దగ్గర్నుంచి టు-లెట్ బోర్డు దాకా జరిగిందంతా దుకాణం ఆయనకు దాచకుండా చెప్పాను. ఆయన నవ్వలేదు, అదే నాకు కొండంత ధైర్యం. ఐదు జతల కళ్ళద్దాలు కట్టించి ఇచ్చి, అట్టపెట్టెలో పాత బట్టలు కుక్కితే గుండు అందులోనే ఆగిపోతుందని, వెనక ఒక దుప్పటి వేలాడదీయమని చెప్పాడు. ఆదివారం పొద్దున్నే పైకెళ్ళి ఓనర్ల తలుపు తట్టాను. అంకుల్, ఇప్పుడు కొడతాను, డాబా మీదికి రండి అన్నాను. ఆంటీ రానన్నారు. అందరూ వెళ్ళాక మెల్లగా వచ్చారు.

డాబా మీద ఆ రోజు నా పెత్తనం చూసి తీరాలి. అందరూ నా వెనక నిలబడాలన్నాను. కళ్ళద్దాలు పెట్టుకుంటే గానీ పిస్టల్ సంచీలోంచి తీయనన్నాను. ఆంటీ తన మామూలు కళ్ళజోడు మీదే వాటిని తగిలించుకున్నారు. అమ్మ పాత చీరలు కుక్కిన సబ్బుల పెట్టె ముందు, దాని వెనక తాడు మీద మందపాటి దుప్పటి. పక్క డాబాల మీద ఎవరూ లేరని రెండుసార్లు చూసుకున్నాను. కొట్టే క్షణం వరకూ మీట మీద వేలు పెట్టలేదు. టప్పుమని బట్టల క్లిప్పు విరిగినంత చప్పుడైంది. ఇంతేనా అన్నారు ఆంటీ, ఆవిడకు కాస్త నిరాశగా కూడా ఉన్నట్టుంది. అంకుల్ చీర మడతల్లోంచి ప్లాస్టిక్ గుండు తీసి, వేళ్ళ మధ్య నలిపి చూసి, ఆంటీ అరచేతిలో పెట్టారు. తర్వాత తానూ ఒకసారి కొడతానన్నారు. జీవితమంతా కోణాలు బోధించిన మనిషి మూడుసార్లు కొట్టి మూడుసార్లూ దుప్పటికే తగిలించారు. ఇలా ఇవ్వండి అంటూ ఆంటీ ముందుకొచ్చారు. ఎక్కడ నిలబడాలో, వేలెక్కడ ఉంచాలో నేను చెప్పినట్టల్లా చిన్నపిల్లలా విన్నారు. మూడు గుండ్లు, మూడూ పెట్టె మీది సబ్బుబిళ్ళ బొమ్మ నడుమ. నాయిన అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

అంకుల్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఆంటీ వైపు తిరిగారు. "ఇల్లు పోతుందని తెలిసి కూడా మన కళ్ళ కోసం ఆగిందోయ్ ఈ అమ్మాయి. ఇంతకంటే జాగ్రత్త గల మనుషులు మనకు అద్దెకు దొరుకుతారా?"

ఆంటీ మెట్లు దిగి, గేటు దగ్గరికెళ్ళి, బోర్డు తీగ స్వయంగా విప్పారు. తీగ బిగుసుకుపోయి రాకపోతే అమ్మ సాయం పట్టింది. ఆ తర్వాత ఆవిడ నాకు షరతులు పెట్టారు. పెట్టెలో పెట్టి తాళం వేయాలి, తాళంచెవి మీ అమ్మ దగ్గరుండాలి, గుండ్లు వేరే చోట దాచాలి, సంచీ లేకుండా గేటు దాటకూడదు, రంగు జోలికి వెళితే ఊరుకోను. ఇవాళ మైదానంలో నేను కొత్త పిల్లలకు చెప్పేవన్నీ ఆవిడ షరతులే, పేరు మాత్రం నాది. నాయిన మధ్యాహ్నం అన్నం దగ్గర, నేను కొట్టుమన్న గని నువ్వు చేసిందే కరెక్ట్ బిడ్డా అన్నాడు. నేను డిగ్రీ పాసైనప్పుడు కూడా ఆయన ఆ మాట అనలేదు. బడంగ్‌పేట్‌లో సొంతిల్లు కట్టుకునేదాకా మేం ఆ ఇంట్లోనే ఉన్నాం.

తర్వాత చాలా ఆటలు గెలిచాను. కప్పులు కూడా ఉన్నాయి. ఇప్పుడు కోచింగ్ సెంటర్ కాదు, పెద్ద ఆఫీసు, పెద్ద కుర్చీ. మీటింగుల్లో పైవాళ్ళు తొందరపెడితే, లోపల కాదనిపిస్తున్నా, సరే సార్ అనేస్తుంటాను. అలాంటి సాయంత్రాల్లో ఆ తెలివితక్కువ పిల్ల గుర్తొస్తుంది. ఇల్లు పోతుందన్నా, కన్నతండ్రి కోప్పడ్డా, ఏడుపు ఆపుకుంటూనే కొట్టనని నిలబడిన పిల్ల. దానికి నేను నేర్పాల్సినవి సవాలక్ష ఉన్నాయి గానీ, ఆ ఒక్క మాట మాత్రం నేనే దాని దగ్గర మళ్ళీ నేర్చుకోవాలి.