నాన్న బతాకా నేను దాచిన రోజు

నా చిన్నప్పుడు మేం కువైట్‌లో, బ్నీద్ అల్ గార్‌లో నాలుగంతస్తుల బిల్డింగులో ఉండేవాళ్ళం. విజయవాడ నుంచి వచ్చి అప్పటికి ఏడేళ్ళు. మా నాన్న మిర్కాబ్‌లోని ఒక ఆఫీసులో నీటి సరఫరా చూసే ఇంజినీరు. నాకు పదకొండేళ్ళు, నోరు మాత్రం ముప్పయ్యేళ్ళది. ఇరాక్ సైన్యం వచ్చిపడిన ఆ వేసవిలో, ఆ నోటికంటే ముందు పరిగెత్తే చేతులతో మా నాన్నకి ప్రాణం మీదకి తెచ్చాను.

వచ్చిన కొన్నాళ్ళకే కొత్త దొరలు హుకుం జారీ చేశారు, ఉద్యోగులంతా పనిలోకి రావాలని. మా చుట్టుపక్కల కువైటీలు మాత్రం ఇళ్ళలోంచి కదల్లేదు. వెళితే ఇరాక్ పాలనను ఒప్పుకున్నట్టేనని వాళ్ళ పట్టుదల. మా నాన్నకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండు రోజులు హాల్లో అటూ ఇటూ తిరిగి, మూడోరోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. "పంపులు ఆగిపోతే ఆస్పత్రికి నీళ్ళెవరిస్తారే?" అని అమ్మతో అన్నాడు. ఆ మాట విన్నాను గానీ నాకు చెవికెక్కలేదు. ఆ సాయంత్రానికి చెవిలో ఇంకో మాట గింగురుమంటోంది. కింది అంతస్తులో ఉండే కువైటీ పిల్ల, రోజూ మెట్ల మీద నాతో బొమ్మలాట ఆడే పిల్ల, నా మొహానే తలుపేస్తూ మీ నాన్న 'ఖాయిన్' అంది. ద్రోహి అని.

మర్నాడు పొద్దున నాన్న స్నానానికి వెళ్ళినప్పుడు ఆయన పర్సులోంచి బతాకా తీసి బియ్యం డబ్బాలో దాచేశాను. ఆ గుర్తింపు కార్డు లేకుండా కువైట్‌లో ఎవరూ వీధి మలుపు కూడా దాటరు. కనపడకపోతే ఇంట్లోనే ఆగిపోతాడని నా ఉద్దేశం. ఆయన పర్సు తెరిచి చూసుకోనేలేదు. జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మెట్ల మీద ఆయన బూట్ల చప్పుడు ఆగిపోయాక గానీ నేనేం చేశానో నాకు తెలిసిరాలేదు. సందు చివరే సైనికుల చెక్‌పోస్టు. అంతకుముందు వారం అక్కడ కార్డు చూపించలేని మనిషినొకణ్ణి లారీ ఎక్కించారని, అతనింకా తిరిగి రాలేదని బిల్డింగంతా చెప్పుకుంటున్నారు. అమ్మకి చెబుదామంటే నోరు పెగల్లేదు. అంత పెద్ద నోరూ ఎటుపోయిందో!

నా వాలకం కనిపెట్టింది మా పక్కింటి నర్సమ్మ. ఆస్పత్రిలో నర్సు గనక మేం అలా పిలిచేవాళ్ళం; ఆవిడది ఐర్లండ్, యాభై దాటిన మనిషి. తెల్లవాళ్ళని పట్టుకుపోతున్నారని తెలిసి అమ్మ ఆవిణ్ణి మా ఇంట్లో, లోపలి గదిలో దాచింది. నేను వెక్కుతూ సంగతి చెప్పాను. ఆవిడ తిట్టలేదు. చెయ్యి పట్టుకుని వంటింట్లోకి నడిపించి, నా నోటితోనే అమ్మకి చెప్పించింది. అమ్మ నన్ను ఒక్క చూపు చూసింది. బియ్యం డబ్బా నేల మీద గుమ్మరించి, కార్డు తీసుకుని, వాచ్‌మన్‌ని తోడు పిలుచుకుని పరిగెత్తింది.

నర్సమ్మ కిటికీకి దూరంగా గోడవార చతికిలబడి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఇద్దరం ఒలికిన బియ్యం ఎత్తుతుంటే తన కథ చెప్పుకొచ్చింది. వాళ్ళ దేశాన్నీ మనలాగే ఇంగ్లీషువాళ్ళు ఏలారట. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు, మీ పాలన మీకే ఇస్తూ చట్టం చేశాం గానీ యుద్ధం అయ్యేదాకా ఆగండి అన్నారట. వాళ్ళ నాన్న ఆ మాట నమ్మాడు. ఇప్పుడు సాయం చేస్తే రేపు స్వపరిపాలన వస్తుందని ఇంగ్లీషు సైన్యంలోనే చేరాడు. ఆవిడ బాబాయి నమ్మలేదు. యుద్ధం మధ్యలోనే తిరగబడ్డవాళ్ళతో కలిసి జైలుకి పోయాడు. వాళ్ళ నాన్న కుడిచెయ్యి పోగొట్టుకుని తిరిగొచ్చేసరికి ఊళ్ళో గాలి మారిపోయింది. తిరగబడ్డవాళ్ళంతా వీరులు, ఆయన్ని పలకరించే దిక్కే లేదు. బళ్ళో పిల్లల మాటలు పట్టుకుని, నా వయసులో నర్సమ్మ కూడా సొంత తండ్రిని ద్రోహి అందట.

"మరి మీ బాబాయి ఏమనేవాడు ఆంటీ?" అని అడిగాను.

బాబాయి ప్రతి శనివారం వచ్చి, ఒంటిచేతి అన్నకి గడ్డం గీసేవాడట. గీస్తున్నంతసేపూ ఇద్దరిదీ అదే గొడవ, నువ్వు తప్పంటే నువ్వు తప్పని. కత్తి గొంతు మీద ఉండగానే కేకలేసుకునేవారట. ఒక్కనాడూ చర్మం తెగలేదు. "ఇద్దరికీ కావలసింది ఒకటే పాపా, మా దేశం మా చేతుల్లో ఉండాలని. మా నాన్న పోయాక గానీ నాకు తెలియలేదు. నీకు ఇవాళే తెలియాలి" అంది. చెబుతున్నంతసేపూ ఆవిడ చెవి మెట్ల వైపే ఉంది, చేతుల్లోంచి బియ్యం జారిపోతోంది. మా నాన్నని పట్టుకుంటే మా ఇల్లు సోదా చేస్తారని, అప్పుడు దొరికిపోయేది తనేనని ఆవిడకి తెలుసు. నాకు ఆ సంగతి తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మధ్యాహ్నం దాటాక అమ్మా నాన్నా వచ్చారు. అమ్మ కార్డు చూపించినా, నాన్నని మూడు గంటలు ఎండలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టాక గానీ వదల్లేదట. ఆయన పెదవులు పగిలిపోయాయి. నాకు ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే సిగ్గుతో సగం చచ్చాను. కార్డు నేనే తీశానని చెప్పాను. ఎందుకు తీశానో కూడా చెప్పాను, ఆ అరబ్బీ మాటతో సహా. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. నాన్న గ్లాసు తర్వాత గ్లాసు నీళ్ళు తాగాడు.

"కిందింటి పాప అన్నదాంట్లోనూ న్యాయం ఉందమ్మా. నాకూ అదే బెంగ. కానీ రేపు నా కార్డు నాకివ్వు" అన్నాడు.

మర్నాడు నేనే ఇచ్చాను. చొక్కా జేబులో పెట్టి, పైన బొత్తాం కూడా పెట్టాను. కింది పిల్ల తలుపు సందులోంచి నాన్న వెళ్ళడం చూసింది. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు.

కొన్ని వారాలకి మేం బస్సుల్లో జోర్డాన్ చేరి, అక్కణ్ణుంచి విమానంలో ఇండియా వచ్చేశాం. అప్పటికింకా తెల్లవాళ్ళని దేశం దాటనివ్వడం లేదు, నర్సమ్మ మాతో రాలేకపోయింది. ఆవిడ క్షేమంగా ఇల్లు చేరానని చలికాలంలో ఉత్తరం రాసేదాకా అమ్మకి అన్నం సయించలేదు.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆయన ఆఫీసుకి వెళ్ళడం తప్పో ఒప్పో నేనింకా తేల్చుకోలేదు. తప్పేననిపించిన రోజులే ఎక్కువ. ఆయనతోనే అనేదాన్ని కూడా, "అయ్యుండొచ్చమ్మా" అని నవ్వేవాడు. ఒక మనిషి తప్పు చేస్తున్నాడని గట్టిగా అనుకుంటూనే, అతను క్షేమంగా ఇంటికి రావాలని ప్రాణం కొట్టుకోవడం ఎలా ఉంటుందో నాకు ఆ మూడు గంటల్లో తెలిసింది. ఇవాళ ఎవరినైనా ద్రోహి అని తీసిపారేయబోతే, అతని కోసం కూడా ఏదో ఒక ఇంట్లో ఒక పిల్ల మెట్ల చప్పుడు వింటూ ఉంటుందనిపిస్తుంది.