దేనితో పోలిస్తే?

మా పోలికల మాస్టారిని ఏది అడిగినా సమాధానం రాదు. తిరిగి ఒక ప్రశ్న వస్తుంది: "దేనితో పోలిస్తే?"

ప్రభుత్వ ప్రయోగశాలలో ఆయనకీ నాకూ ఒకటే గది. పక్క గదుల్లో ఇంజనీర్లు కొత్త వస్తువులు తయారుచేస్తే, అవి జనానికి నిజంగా ఉపయోగపడుతున్నాయో లేదో తేల్చే ఆర్థికశాస్త్రవేత్తలం మేమిద్దరం. అంటే వాళ్ళు వండితే మేం వంకలు పెడతాం. అందుకే మమ్మల్ని ఎవరూ టీకి పిలవరు.

"ఎండగా ఉందండీ" అన్నా ఆయనది అదే మాట. ఓరోజు వాళ్ళావిడ ఫోన్ చేసి కూర ఎలా ఉందని అడిగితే ఆవిడకీ అదే మాట. ఆవిడేం తక్కువా? మర్నాడు ఒక గిన్నెలో ఉప్పేసిన కూర, ఇంకో గిన్నెలో ఉప్పులేని కూర పెట్టి పంపింది. ఈయన కోప్పడకపోగా మురిసిపోయారు.

"చూశావా అమ్మాయ్, మా ఆవిడకి పరిశోధన పద్ధతి పట్టుబడింది."

ఒకసారి కుడికాలికి నల్ల బూటు, ఎడమకాలికి గోధుమరంగు బూటు వేసుకొచ్చారు.

"మాస్టారూ, బూట్లు మారిపోయాయి."

"మారలేదమ్మా. ఏది ముందు అరుగుతుందో చూస్తున్నా. ఒకే మనిషి, ఒకే దారి. ఇంతకన్నా మంచి పోలిక ఎక్కడ దొరుకుతుంది?"

ఆ తర్వాత చాలాకాలం అలాగే తిరిగారు.

నా మొదటి అధ్యయనం పొగరాని పొయ్యి మీద. కొన్ని ఇళ్ళకి మా ఇంజనీరు చేసిన కొత్త పొయ్యి ఇచ్చాం, కొన్నిటికి ఇవ్వలేదు. ఏడాది తర్వాత చూస్తే రెండుచోట్లా అదే పొగ. కొత్త పొయ్యిని అందరూ మూలకి నెట్టేశారు. నాదేమో తాత్కాలిక ఉద్యోగం. ఉంచాలో పంపాలో కమిటీ ఈ ఫలితం చూసే తేలుస్తుంది.

"నేను దేనికీ పనికిరాను మాస్టారూ" అని ఏడ్చాను.

"దేనితో పోలిస్తే?"

నాకు ఒళ్ళు మండింది. "నాకు ముందు ఈ కుర్చీలో పనిచేసినావిడతో పోలిస్తే. చాలా?"

ఆయన కళ్ళజోడు తీశారు. "మనిషిని ఇంకో మనిషి పక్కన పెట్టి చూడకూడదమ్మా. రెండు కాళ్ళూ ఒకరివే కావాలి."

అది ఓదార్పో, బూట్ల కబురో నాకు అర్థం కాలేదు.

కమిటీ అధ్యక్షుడు నా నివేదిక తిరగేసి పెదవి విరిచారు. "ఏడాదంతా తిరిగి ఈ అమ్మాయి సాధించింది ఏమీ లేదు. ఇది వైఫల్యమే కదా?"

వెనక వరసలోంచి తెలిసిన గొంతే వినిపించింది. "దేనితో పోలిస్తే?"

అందరూ నవ్వారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మాస్టారు మాత్రం ఆ రెండు రంగుల బూట్లతో లేచి నిలబడ్డారు.

"ఈవిడ చెప్పకపోతే ఏం చేసేవాళ్ళం? ఊరంతా ఈ పొయ్యిలు పంచేసి చేతులు దులుపుకునేవాళ్ళం. ఆడవాళ్ళు ఆ పొగలోనే దగ్గుతూ ఉండేవాళ్ళు. దాంతో పోలిస్తే ఇది వైఫల్యమా? పొయ్యి బ్రహ్మాండం అని రాసుంటే మీరే చప్పట్లు కొట్టేవారు. అది ఈవిడకీ తెలుసు. అయినా చూసిందే రాసింది."

పొయ్యి చేసిన ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. "పెద్ద గిన్నె పట్టట్లేదని ఈవిడ రాశారండి. అది సరిచేస్తాను. చేశాక మళ్ళీ చూడ్డానికి ఈవిడే ఉండాలి."

నా ఉద్యోగం నిలిచింది. వరండాలో మాస్టారిని పట్టుకున్నాను. "మీరు చాలా మంచివారు మాస్టారూ."

ఆ ప్రశ్న వస్తుందని ఎదురుచూశాను. ఆయన తన బూట్ల వంక చూసుకున్నారు.

"ఆ ఇంజనీరు మనిద్దర్నీ టీకి పిలిచాడమ్మా. పద, ఆలస్యమైపోయింది."

"దేనితో పోలిస్తే?" అన్నాను.

మాస్టారు నవ్వు దాచుకుంటూ, నల్ల బూటు కాలు ముందేసి గబగబా నడిచిపోయారు.