అవ్వ కంటే ముందు పోయిన మూట

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడు. కర్నూలులో ఒక ఎముకల ఆసుపత్రిలో వార్డు సిస్టర్‌గా పనిచేస్తున్నాను. కోడుమూరు దగ్గర పల్లె నుంచి ఈరమ్మవ్వను తెచ్చారు. ఎనుముల కొట్టం దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగింది. వెంట ఉన్నది భర్త రంగన్న తాత ఒక్కడే.

తుంటి విరిగిన ముసలివాళ్లకు ఆపరేషన్ ఎంత త్వరగా అయితే అంత మంచిది. పడుకున్నకొద్దీ ఊపిరితిత్తులకు నిమ్ము చేరుతుంది, వీపు పుండ్లు పడుతుంది. విరిగిన ఎముక వల్ల కాక, మంచం పట్టడం వల్ల పోయినవాళ్లను నేను చూశాను. గుండె డాక్టరు ఫిట్‌నెస్, అంటే మత్తుమందు తట్టుకోగలదన్న మాట, రాసిచ్చారు. మరునాడు పొద్దున మొదటి కేసు అవ్వదే. కన్సెంట్, అంటే ఒప్పుదల కాగితం, చాపితే అవ్వ తాత వైపు చూపించింది. “ఆయప్ప సరే అంటే వేలు ఏస్తా” అంది.

తాత సరే అనలేదు.

“రేపు అమావాస్య సిస్టరమ్మా. పాడ్యమి కూడా పోనీ. విదియ పొద్దు చేయండి.”

“అంతవరకు ఆగితే అవ్వకే కష్టం తాతా.”

“ఇన్నేండ్లు బతికిన మనిషి, రెండు దినాలకు ఏమైతాదమ్మా?”

నాకు కోపం నెత్తికెక్కింది. మాది మైదుకూరు, చర్చికి పోయే కుటుంబం. అమావాస్య ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతుందో కూడా నాకు పట్టదు. నాలుగు చివాట్లు పెడదామని నోరు తెరిచాను. తాత నా వైపు చూడటం లేదు. దుప్పటి మీదుగా అవ్వ పాదం పట్టుకుని ఉన్నాడు.

“మా తమ్మున్ని అమావాస్య పొద్దే కోసినారు. మల్లా ఇంటికి రాలే. ఈమె కూడా పోతే నేను యాడికి పోవల్ల?”

ఇంకేం తిడతాను.

అప్పుడు మా పక్కింటి అత్త గుర్తొచ్చింది. ప్రయాణం పెట్టుకున్న రోజు మంచిది కాకపోతే, ముందే మంచి గడియ చూసి ఒక మూట తెచ్చి మా అరుగు మీద పెట్టేది. దాన్ని ప్రస్థానం అంటారు. మూట గడప దాటితే ప్రయాణం మొదలైనట్టే, మనిషి తర్వాత ఎప్పుడు పోయినా దోషం లేదు.

“తాతా, ఈపొద్దు అమృత ఘడియలు ఉండాయా?”

తాత లేచి గోడ మీది క్యాలెండర్‌లో వేలు పెట్టి వెతికాడు. “సాయంత్రం ఉండాయి.”

“అవ్వ బట్టలు మూటగట్టి అప్పుడే ఆపరేషన్ థియేటర్ గడప దాటిద్దాం. ప్రస్థానం పెట్టినట్టే కదా?”

ఆపరేషన్ చేసే చోట బయటి గుడ్డ పెట్టకూడదు. మొదటి తలుపు దాటగానే మేం బట్టలు మార్చుకునే గది ఉంది, మూట అక్కడ నా బీరువాలో ఉంటుందని తాతకు దాచకుండా చెప్పాను.

“గడప దాటుతాది కదా, సాలు” అన్నాడు.

సాయంత్రం అవ్వ చీర, దువ్వెన తన టవల్లో మూటగట్టి తాతే తెచ్చిచ్చాడు. “నా కంటే ముందు నా చీర పోతాండాది” అని అవ్వ నవ్వి వేలిముద్ర వేసింది.

అమావాస్య పొద్దున ఆపరేషన్ బాగా జరిగింది. మరునాడే అవ్వ వాకర్, అంటే నాలుగు కాళ్ల ఊతం, పట్టుకుని నిలబడింది.

ఇంటికి పోయే రోజు మూట తెస్తానని లేచాను. తాత ఆపాడు. “నువ్వు తేవద్దు సిస్టరమ్మా. ఆమెనే పోయి తెచ్చుకోనీ.”

అవ్వ వరండా పొడవునా ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చింది. తాత ఆమెను పట్టుకోలేదు, వెనకాలే చేతులు చాచి నడిచాడు. థియేటర్ తలుపు దగ్గర మూట అందిస్తుంటే నాకు కళ్లు నిండాయి.

ఆపరేషన్‌కు సరైన సమయమేదో డాక్టర్లు చెబుతారు. భయపడుతున్న మనిషిని ఆ సమయానికి చేర్చడం కూడా వైద్యమేనని నాకు తెలిసింది రంగన్న తాత వల్లే. ఇప్పుడు ఎవరైనా అమావాస్య అంటే వాదనకు దిగను. మూట తెచ్చుకున్నారా అని అడుగుతాను.