కొలిచింది కంత, మరిచింది సందులు

ఆ రోజుల్లో లోకంలో కాయితం మీద తేలని సంగతే లేదని నా నమ్మకం. కాలేజీ వదిలి, రేణిగుంటలో గదుల్లో గాలిని బయటికి లాగే ఫ్యాన్లు బిగించే కాంట్రాక్టరు దగ్గర కొత్తగా చేరినాను. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఒక గది సరిగ్గా చేసి చూపిస్తే ఉద్యోగం ఖాయమన్నాడు, లేదంటే పలమనేరు పోయి నాయన వెంబడి పాలక్యాన్లు మోయాల్సిందే. గోడలో కంతకు వాలు రేకులు పెడతారు. వాటి గుండా లోపలికొచ్చేటప్పుడు గాలి ఎంత ఒత్తిడి పోగొట్టుకుంటాదో కట్టే లెక్క నాది. నాలుగు పేజీలు రాసినాను. పోయే ఒత్తిడి ఎంత చిన్నగా తేలిందంటే, నా జవాబు నాకే ముద్దొచ్చింది. (రేకులు బిగించే వెల్డరు మామ "ఇంత దగ్గర దగ్గరగానా సామీ?" అంటే, లెక్క చూసుకోమని కాయితం చూపించినాను. ఆయనకు చదువు రాదని తెలిసే చూపించినాను. నా పొగరు అట్లాంటిది.)

తొలిసారి ఫ్యాను వేసే రోజు ఫ్యాక్టరీ ఓనరు ఆ గదిలో దేవుడి పటం పెట్టి, కర్పూరం ఆరిపోతుందని తలుపు మూయించి, ముహూర్తానికి స్విచ్చి వేసినాడు. హారతి కళ్ళకద్దుకొని, గుమ్మడికాయ చంకన పెట్టుకొని, బయట కొడదామని తలుపు తోస్తే రాలేదు. కాంట్రాక్టరు తోసినాడు, నేను తోసినాను. ఫ్యాను బయటికి లాగినంత గాలి నా రేకుల్లోంచి లోపలికి రావడంలేదు, అందుకే బయటి గాలి తలుపును నొక్కి పట్టుకొని ఉండాది. పావుగంటలో రాహుకాలం, ఆ లోపలే గుమ్మడికాయ కొట్టాల. ఫ్యాను ఆపుదామన్నాను. ఓనరు చూసిన చూపుకు గుమ్మడికాయ బదులు నేనే పగులుతానేమో అనిపించింది.

"ముహూర్తానికి వేసింది ఆపేదేందప్పా? ఆపితే ఈ ఏడు సీజను ఆగినట్టే," అన్నాడు. కాంట్రాక్టరు నన్నే చూస్తా ఉండాడు.

సిగ్గు చంపుకొని, రేకుల దగ్గర మూతి పెట్టి బయటున్న వెల్డరు మామను పిలిచినాను. అవతల ఒక కన్ను కనిపించింది.

"నువ్వు కొలిచింది కంతను సామీ. గాలొచ్చేది సందుల్లోంచి గదా," అన్నాడు, ఏమాత్రం కోపం లేకుండా. తిట్టుంటే బాగుండు. నిజమే, నా నాలుగు పేజీల్లో రేకుల మందం లేదు, ఈగలు రాకుండా కట్టిన జల్లెడా లేదు. ఆయన జల్లెడ పీకి, రేకు విడిచి రేకు ఊడదీసినాడు. గాలి దూరి నా కాయితాలను ఎగరేసింది. మేం తోస్తా ఉన్న తలుపు ఒక్కసారిగా తెరుచుకొని, ముగ్గురం వాకిట్లో పడినాము. గుమ్మడికాయ దానంతటదే పగిలింది. ఓనరు పడినచోటే గడియారం చూసుకొని, రాహుకాలానికి ఇంకా రెండు నిమిషాలుండాయని సంబరపడినాడు. ఆ సంబరంలో నా ఉద్యోగం నిలబడింది.

ఇప్పుడు నా దగ్గరికి కొత్త ఇంజనీర్లు కంప్యూటరులో కట్టిన లెక్కలు తెస్తారు. రేకులు బిగించేవాళ్ళను అడిగినారా అంటాను. వాళ్ళను అడిగేదేంది అన్నట్టు నన్నొక చూపు చూస్తారు. కోపం రాదు, నవ్వొస్తుంది. ఆ చూపుతోనే కదా నేను మామకు కాయితం చూపించినాను.