పలుగురాయి మిల్లులో బెల్లం వైద్యం

కర్నూలు నుంచి ఆ పలుగురాయి మిల్లుకు యాభై రెండు కిలోమీటర్లు. ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు చేరుకున్నాను. రాయిని పిండిచేసే యంత్రానికి ఒకటిన్నర మీటరు దూరంలో నిలబడి పనిచేసే మా బావ కాలరుకు వడపోత బిళ్ళ, నడుముకు చిన్న పంపు తగిలించాను. గాలిలో దుమ్మును కొలవడం నా ఉద్యోగం.

"ఎనిమిది గంటలు దుమ్ము తాగితే గానీ నీ మిషనుకు కడుపు నిండదేమప్పా?" అన్నాడు బావ. "నాకైతే పొద్దున్నే నిండిపోతాది."

నవ్వబోయి దగ్గాడు. అప్పటికే మేడమెట్లు ఒక్క ఊపున ఎక్కలేకపోతున్నాడు.

మధ్యాహ్నం అన్నాలవేళకు యజమాని స్వయంగా తట్ట పట్టుకొని వచ్చాడు. మనిషికొక బెల్లం ముక్క. యంత్రానికి పూజ ఏడాదికొకసారే; మనుషులకు ఈ నైవేద్యం మాత్రం ప్రతిరోజూ.

"బెల్లం తింటే దుమ్మంతా జారి కడుపులోకి దిగిపోతాది సార్. మా నాయన కాలం నుంచి ఇదే మందు."

ఆ శరీరశాస్త్రానికి ముగ్ధుణ్ణయ్యాను. ఊపిరితిత్తుల నుంచి కడుపుకు దారి వేసిన తొలి ఇంజనీరు బహుశా ఆయన తండ్రే. ప్రాణం తీసే రేణువు తల వెంట్రుక మందంలో పదోవంతు కూడా ఉండదు. అది గొంతులో ఆగదు. ఊపిరితిత్తుల అడుక్కు చేరి అక్కడే మచ్చకడుతుంది. బెల్లం దిగేది వేరే గొట్టంలో.

నివేదికలో రెండే అడిగాను: యంత్రం నోటికి మూత, దుమ్ము లాగే గొట్టం. కనీసం నీళ్ళు చల్లించమన్నాను.

"తడిస్తే పొడి ముద్దకడతాది సార్, కొనేదెవరు?" అన్నాడు యజమాని.

పొడి ఆరోగ్యం పట్ల ఎంత శ్రద్ధ! అయితే నా మాటను ఆయన పూర్తిగా తోసిపుచ్చలేదు. మరుసటి వారం నుంచి బెల్లం రెండు ముక్కలయింది.

పని మానమంటే బావ వినలేదు. "రెండు ముక్కలు తింటాండా గదా, తగ్గుతాది లే" అన్నాడు.

తగ్గలేదు. ఊళ్ళో డాక్టరు ఎక్స్‌రేలో మచ్చలు చూసి, క్షయ అని తేల్చి, ఆరు నెలలు మాత్రలు మింగించాడు. ఏం పని చేస్తావని అడగడం ఆ మహానుభావుడి చదువులో లేదు. కడపలో మరో డాక్టరు మొదట అదే అడిగాడు. అవి క్షయ కాదు, రాతిదుమ్ము మచ్చలని తేల్చి, మాత్రలు ఆపించి, పోయిన ఊపిరి తిరిగి రాదని చెప్పాడు.

లెక్క ఇది. యజమానికి ఖర్చు: మనిషికి రోజుకు రెండు బెల్లం ముక్కలు. మిగులు: ఒక మూత, ఒక గొట్టం ఖరీదు. బావకు ఖర్చు: ఆరు నెలల అక్కరలేని మాత్రలు, వైద్యానికి అమ్ముకున్న రెండు పాడి ఎనుములు. నష్టం: పని, సగం ఊపిరి.