ఎర్రని ఉప్పుమళ్ళు

కావలిలో ఆడపిల్లల మిషను బడికి కరుణాకుమారి డ్రాయింగు టీచరు. ఏటేటా అదే కుండ, అదే మామిడికాయ, అదే లాంతరు నల్లబల్ల మీద గీసి, పిల్లల చేత గీయించి, వాళ్ళ వంకర గీతలు దిద్ది ఇంటికి వచ్చేసరికి ఆమె కుడిభుజం లాగేసేది. ఇంట్లో తల్లి మగ్దలీనమ్మ. ఆమెకు చూపు దాదాపుగా పోయింది. వసారాలో నులకమంచం మీద కూర్చుని, అడుగుల చప్పుడు వినగానే "వచ్చినావా అమ్మణ్ణీ" అనేది. కరుణ కాళ్ళు కడుక్కుని పొయ్యి రాజేసేది. తల్లీకూతుళ్ళ మధ్య మాటలు తక్కువ. కోపతాపాలేమీ లేవు. ఇద్దరూ అలసిపోయినవాళ్ళు, అంతే.

మగ్దలీనమ్మది సముద్రం ఒడ్డున ఒక పల్లె. మొగుడు విషజ్వరంతో పోయాక ఆమె ఉప్పుమళ్ళలో కూలికి చేరింది. మడిలో కట్టిన నీళ్ళు ఎండకు ఇగిరిపోతే అడుగున ఉప్పు పేరుకుంటుంది. దాన్ని కర్రపలకతో గట్టుకు లాగి కుప్ప పోయడం ఆమె పని. పసిబిడ్డను గట్టుమీద కూర్చోబెట్టుకునే ఆ పని చేసింది. బిడ్డకు కాస్త ఊహ తెలిశాక మిషను దొరసానిని బతిమాలి బోర్డింగులో వేసింది. కరుణ అక్కడే చదివింది. మద్రాసులో డ్రాయింగు పరీక్ష ప్యాసయింది. ఉద్యోగం రాగానే తల్లిని తెచ్చి దగ్గర పెట్టుకుంది. అప్పటికే ఆ కళ్ళు మసకబారాయి. పెళ్ళి మాట ఎత్తే తీరిక ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

1961 వేసవి సెలవులకు ముందు హెడ్మిస్ట్రెసు జయశీలగారు ఆమెను గదికి పిలిచారు.

"నెల్లూళ్ళో టీచర్ల బొమ్మల ప్రదర్శన పెడతా ఉండారు. చిన్ననాటి సంగతి ఏదైనా వెయ్యాలంట. మన బడి తరఫున నువ్వొకటి పంపించు కరుణమ్మా."

"నాకు ఓపిక లేదండీ."

"ఎవరికుండాది ఓపిక? ఏదో ఒకటి వెయ్యి."

కాదనడానికి కూడా ఓపిక కావాలి. కరుణ ఒప్పుకుంది.

సెలవుల్లో వంటింటి గోడకు అట్ట ఆనించి, నూనెరంగులతో మొదలుపెట్టింది. ఉప్పుమడి, వంగి ఉప్పు లాగుతున్న ఆడమనిషి, పక్కన కుప్పలు, వెనక సముద్రం. కొలతలన్నీ కుదిరాయి. నీడలు పడాల్సిన చోటే పడ్డాయి. అయినా అది పాఠ్యపుస్తకంలో "మన పరిశ్రమలు" అనే పాఠానికి వేసిన బొమ్మలాగే ఉంది. ఆ మనిషి తన తల్లి కాదు. ఆ బొమ్మలో ఉన్న గట్టుమీద తను ఎప్పుడూ కూర్చోలేదు. మళ్ళీ వేసింది, మళ్ళీ అదే. విసుగు పుట్టి నూనెగుడ్డ తీసుకుని పైనుంచి కిందికి తుడిచేసింది. మనిషి పోయింది, కుప్పలు పోయాయి. తడి రంగులో మడుల గళ్ళు మాత్రం మసగ్గా మిగిలాయి.

కరుణ చాలాసేపు వాటినే చూస్తూ కూర్చుంది. తర్వాత ఎర్రరంగు గొట్టం విప్పింది. ఎందుకు విప్పిందో ఆమెకే తెలియదు. ఒక గడి ఇటుక ఎరుపు, ఒకటి ఎండిన నెత్తురు రంగు, ఒకటి వెలిసిపోయిన ఎరుపు. గళ్ళ మీద అడ్డంగా నిలువుగా సన్నని గీతలు, నేసినట్టు. పై మూలన మాత్రం చిన్న తెల్లమచ్చ, చూడగానే కళ్ళు చికిలించుకునేంత తెలుపు. అక్కడ ఆపేసింది. ఇంకేం చేసినా చెడిపోతుందనిపించింది.

జయశీలగారు దాన్ని చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఇందులో ఏముందో చెప్పమ్మా, అడిగినోళ్ళకి చెప్పాల గదా."

"నేను చిన్నప్పుడు ఉన్న చోటండీ."

ఆమె దాన్ని నెల్లూరుకు పంపించేశారు.

నెల్లూరులో ఆ పటాన్ని తలుపు పక్కన తగిలించారు. అందరూ ఎడ్లబళ్ళ బొమ్మల దగ్గరా, బావి దగ్గర అమ్మలక్కల బొమ్మల దగ్గరా ఆగి చూసుకుంటూ దీన్ని దాటిపోయారు. ఒక పెద్దాయన మర్యాదగానే అడిగాడు, "చీరల డిజైనాండీ?" అని. కరుణ కాదని చెప్పలేదు. ప్రదర్శన ముగిశాక పటాన్ని పాతచీరలో చుట్టుకుని బస్సెక్కింది. దారంతా కిటికీకి తల ఆనించి, నిద్రా కాని మెలకువా కాని స్థితిలో కూర్చుంది.

ఇంటికి వచ్చి పటాన్ని గోడకు ఆనిస్తుంటే మగ్దలీనమ్మ అడిగింది, "ఇన్నాళ్ళూ ఏం వేసినావో చెప్పనేలేదే."

"ఉప్పుమళ్ళమ్మా."

"ఏం రంగు పూసినావు?"

"ఎరుపు."

"ఉప్పుమళ్ళల్లో ఎరుపు యాడిదే?"

"తెలీదు. తలుచుకుంటే నాకట్టానే కనబడతది."

మగ్దలీనమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత మెల్లగా అంది, "పొద్దెక్కితే ఆ తెలుపు కళ్ళల్లో పొడిచేది. నువ్వు ఒకటే ఏడుపు. పాత ఎర్రకోక చింపి, తలమీంచి మెడదాకా కప్పి కూర్చోబెట్టేదాన్ని. అందులోంచే చూస్తా ఆడుకునేదానివి. దానికొక చిరుగుండేది. అందులోంచి చూడబోయి, కళ్ళు మండి, మళ్ళా ముసుగు సర్దుకునేదానివి."

కరుణ పటం వైపు తిరిగింది. సన్నని గీతలు కోక పోగులని, మూలనున్న తెల్లమచ్చ చిరుగని అప్పుడు తెలిసింది. తను మరిచిపోయిన సంగతి చేతికి గుర్తుంది.

"మరి నీ కళ్ళకేం కప్పుకున్నావమ్మా?"

"నేను కప్పుకుంటే పని ఎట్టా కనబడతాదే?"

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఎండ ఎక్కువగా ఉందని చెప్పినంత మామూలుగా చెప్పింది. కరుణ వెళ్ళి మంచం మీద తల్లి పక్కన కూర్చుంది. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా బరువుగా, ఎన్నో ఏళ్ళ పని ఇప్పుడే ముగించినట్టుగా ఉంది. మగ్దలీనమ్మ చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆమె భుజం మీద ఆగింది.

"ఈ పక్కేనా నొప్పి?" అని మెల్లగా పిసకడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత కరుణ ఇంకో పటం మొదలుపెట్టింది. ముసుగు లేకుండా తల్లి చూసిన మడులు వేయాలని. తెలుపు మీద తెలుపు. "ఎట్టా ఉండేదమ్మా?" అని అడిగితే మగ్దలీనమ్మ ఒకరోజు పాలలా ఉండేదనేది, ఇంకోరోజు నిప్పులా ఉండేదనేది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక కరుణ కాసేపు తెలుపులో రవ్వంత నీలం కలిపేది, రవ్వంత మసి కలిపేది. ఏదీ కుదరలేదు. 1966 ఎండాకాలంలో మగ్దలీనమ్మ నిద్రలోనే పోయింది. కరుణ ఆ పటాన్ని పూర్తిచెయ్యలేదు, పారెయ్యనూ లేదు. బడి నుంచి వచ్చిన సాయంత్రాల్లో ఒక్కోసారి దాని ముందు కూర్చుని, కుంచె ముంచి, ఒక గడిలో సన్నగా ఒక పూత పూసేది. చెయ్యి నొప్పెడితే కుంచె కడిగి, లోపలికి వెళ్ళి పడుకునేది.