చుక్క తరువాత అంగుళాలు

మా అమ్మాయి కాలేజీలో పైథాన్ అనే కంప్యూటరు భాష మొదటి పాఠాలు చెబుతుంది. వానలు మొదలైన రోజుల్లో, తన విద్యార్థులకిచ్చే అభ్యాసాల కాగితాలు ఒక కట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఊరికే కూర్చోలేరు కదా నాన్నా, ఇవి చేయండి. ముందు అంకెలు, తర్వాత మాటలు, ఆఖర్న ఫైళ్లు. వరస తప్పకండేం."

వరస తప్పడం నాకు చేతకాని పని. గోదావరి పాయ ఒడ్డున, కాలువ మొదట్లో నీటిని ఆపి వదిలే లాకుల దగ్గర ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేశాను. రాతిగోడ మీద చెక్కిన కొలబద్ద చూసి నీటిమట్టం రోజుకు మూడుసార్లు రాయాలి. ఆఫీసు రిజిస్టరులో ఒకసారి, ఇంటికొచ్చి నా డైరీలో ఒకసారి రాసేవాణ్ణి.

అంకెల కాగితం రెండు రోజుల్లో అయిపోయింది. మాటల కాగితంలో, ఒక పేరులో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కించాలి. మా ఆవిడ పేరు టైపు చేశాను. నా లెక్కకు మూడక్షరాలు, మిషను ఆరంది. గుణింతాల గుర్తులను కూడా అది విడిగా లెక్కిస్తుందట.

"చూశారా, మీరెప్పుడూ నన్ను సగమే లెక్కేస్తారు," అంది మా ఆవిడ.

ఫైళ్ల దగ్గరికి వచ్చేసరికి, కాగితంలో ఇచ్చిన మార్కుల జాబితా బదులు నా డైరీల్లోని నీటిమట్టాలే ఎక్కించాలని బుద్ధి పుట్టింది. దానికి కారణం మా ఇంట్లో ఒక పాత తగువు.

మా అమ్మాయి పుట్టిన రోజున వరద. మొదటి కాన్పు కావడంతో మా ఆవిడ పుట్టింట్లో, నది మధ్య లంకలో ఉంది. పొద్దున్నే నొప్పులు మొదలైతే మామగారు పడవ మీద ఎర్రనీళ్లు దాటించి అవతలి ఒడ్డున ఉన్న ఆసుపత్రికి చేర్చారు. నేను లాకులు వదిలి కదలలేకపోయాను. సాయంత్రం వెళ్లి మంచం పక్కన నిలబడి, "అంత వరదేం కాదులే," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. మా ఆవిడ ఆ మాట ఈనాటికీ మరిచిపోలేదు. మీ సర్వీసు మొత్తంలో అంత నీరు మళ్లీ రాలేదండీ అని ఆవిడ, తర్వాత ఇంకా ఎక్కువే వచ్చిందని నేను. చుట్టాల ముందు నేనలా అన్నప్పుడల్లా వంటింట్లోకి వెళ్లిపోయేది.

రెండు నెలలు కూర్చుని టైపు చేశాను. బయట వాన, లోపల నా వేళ్ల కింద నీళ్లు. ఒక్కొక్క అంకె కొట్టేసరికి ఆ రోజు కళ్ల ముందు తేలేది. కొట్టుకొచ్చిన అరటిబోదె, దాని మీద ఒంటరిగా కూర్చున్న కొంగ, లాకు తలుపుల సందులోంచి జారే సన్నని ధార. వైశాఖంలో నీరు మెట్టు మెట్టుగా దిగేది, శ్రావణంలో మళ్లీ గోడెక్కేది. ఒక్కోసారి కుర్చీలో ఉన్నానో పడవలో ఉన్నానో తెలిసేది కాదు. అమ్మాయి పుట్టిన రోజు పేజీ మాత్రం తలెత్తకుండా కానిచ్చేశాను.

అన్నిటిలోకీ పెద్ద సంఖ్య చెప్పమని అడిగితే మిషను 16.9 అంది. అమ్మాయి పుట్టిన తరువాత చాలా ఏళ్లకు వచ్చిన వరద. వెంటనే వంటింటి గుమ్మం దగ్గరికెళ్లి చెప్పాను. మా ఆవిడ గోరుచిక్కుళ్లు తుంచుతోంది.

"మిషను కూడా మీవైపేనా అండీ," అని మళ్లీ గిన్నెలోకి తల దించుకుంది. ఆ పూట మజ్జిగ కావాలా అని నన్ను అడగలేదు.

మర్నాటి అభ్యాసం, పెద్ద సంఖ్యలు పదింటిని వరసగా చూపించడం. ఆఖరి వరసలో 16.1 అని వచ్చింది. పదహారు అడుగుల ఒక అంగుళం అంత పెద్దదేమీ కాదే అని డైరీ తీశాను. నా దస్తూరీలో 16.10 అని ఉంది.

కుర్చీలోనే ఉండిపోయాను. మా లాకుల మీద అందరం అడుగులు రాసి, చుక్క పెట్టి, అంగుళాలు రాసేవాళ్లం. నాకు పని నేర్పిన పెద్దాయన అలాగే రాసేవారు. మిషనుకు ఆ ఆచారం ఏం తెలుసు? పది అంగుళాలను ఒకటి చేసింది, దాని పై వరసలోనే ఉన్న పదకొండును తొమ్మిది కిందికి తోసేసింది. దానికి చెప్పవలసింది నేను.

చుక్క దగ్గర విడగొట్టడం మాటల కాగితంలోనే నేర్చుకున్నాను. అడుగులను పన్నెండుతో గుణించి అంగుళాలు కలిపాను. చాలా ఏళ్ల తర్వాత వచ్చిన ఆ 16.9 వరద రెండు వందల ఒక అంగుళం. అమ్మాయి పుట్టిన రోజు 16.11, రెండు వందల మూడు.

ఆ తేదీ వరసలన్నీ చూపించమన్నాను. మూడు రావాలి, పదిహేను వచ్చాయి. తెల్లవారి అయిదు నుంచి, ఆసుపత్రికి చేరారని కబురు అందిన మధ్యాహ్నం పన్నెండు వరకు, అరగంటకోసారి కొలబద్ద చూసి రాశాను. నన్నెవరూ చూడమనలేదు.

మా ఆవిణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టాను.

"నువ్వన్నదే నిజం. రెండంగుళాలు ఎక్కువ. తప్పు నాదే."

"ఆ సంగతి నాకు పడవలోనే తెలుసు," అని, కళ్లజోడు సర్దుకుని తెర మీదికి వంగింది. "ఇన్నిసార్లు ఎందుకు చూశారండీ?"

"భయమేసింది."

కుర్చీ దగ్గరికి జరుపుకుంది. తరువాత, "మొదట్నుంచీ చదవండి," అంది.

చదివాను. ఏడున్నర దగ్గర, "అప్పుడే నొప్పులు," అంది. తొమ్మిది దగ్గర, "మా నాన్న తాడు విప్పారు." నాకు అవేవీ తెలియవు. ఇన్నేళ్లలో నేనడగలేదు.

"పది గంటలకు, పదహారు అడుగుల పదకొండు అంగుళాలు."

"నడిమధ్యలో ఉన్నామండీ. పడవ ఒకసారి చుట్టూ తిరిగింది. మా నాన్న నన్ను కళ్లు మూసుకోమన్నారు. నేను మూసుకోలేదు."

నేను ఆగిపోయాను.

"చదవండి, పదిన్నరకి ఎంతుంది?" అంది.